బతుకమ్మ అయినంకనే బండెక్కేది

ఈసారి అధిక మాసం పడ్డది కదా, దసరా జరుగుకుంట జరుగుకుంట అక్టోబర్ 20కి పోయింది. పండుగలన్నీ లేటాయె అని మా అత్తమ్మ క్యాలెండర్ తిరగేసుకుంట గులుగుతుంటే నాకు మాత్రం లోపల్లోపల మస్తు ఖుషీ అయింది, ఎందుకంటే హిమాచల్‌ల ఉన్న గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌కు ఆకులు పండే టైంల పోవాలె అని ఎప్పటిసందో అనుకుంటున్న, ప్రతిసారి అడ్డం పడేది ఈ తారీఖులే. బతుకమ్మను విడిచిపెట్టి నేను పోను. హన్మకొండల పుట్టి పెరిగి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ లేకుంట ఎక్కడనో రైల్ల కూసునుడు నాతోని కాదు, మా ఆయనకు ఈ సంగతి పెండ్లయిన మొదటేడే సమజైంది. నిరుడు దసరా అక్టోబర్ 2నే వచ్చె, అప్పటికి ఆ కొండల మీద వానలు ఇప్పుడిప్పుడే పోయినయి, వద్దనుకున్నం. ఈసారి పండుగ నిమ్మళంగ చేసుకొని, పెద్దోళ్ల చేతుల జమ్మి పెట్టి కాళ్లు మొక్కి, ఒక్క రోజు సామాన్లు సదురుకొని 22 పొద్దున రైలెక్కొచ్చు.

నేషనల్ పార్క్ అనంగనే మా దిక్కు జనాలకు ముందుగాల యాదికొచ్చేది తాడోబా. కాజీపేటల రైలెక్కి చంద్రాపూర్‌ల దిగుడు, జిప్సీ బుక్ చేసుకొనుడు, పులి కనబడితే స్టేటస్ పెట్టుడు, కనబడకపోతే డ్రైవర్‌ను తిట్టుకొనుడు. ఇది అసొంటిది కాదు. ఈ పార్క్ లోపల మోటరు రోడ్డే లేదు. జీపు లేదు, సఫారీ లేదు. 754 చదరపు కిలోమీటర్ల అడవి, ఎంత చూస్తమో అంతా కాళ్ల మీదనే. కింద దేవదారు చెట్లు, నది ఒడ్లు, పైకి పోయినకొద్దీ 6 వేల మీటర్లు దాటిన మంచు శిఖరాలు, తీర్థన్, సైంజ్, జీవా, పార్వతి అని నాలుగు లోయల పైభాగం ఈ పార్క్‌లనే ఉంటది. పార్క్ అని ఫైనల్‌గ నోటిఫై చేసింది 1999ల, యునెస్కో గుర్తింపు వచ్చింది 2014ల. మన రామప్పకు వచ్చింది 2021ల, అంటే ఆ లెక్కల వాళ్లు మనకు ఏడేండ్లు సీనియర్లు. కాకపోతే రామప్పకు కారు దగ్గరిదాక పోతది.

ఈ నడుసుడు అన్న ముక్క దగ్గరనే మా ఇంట్ల లొల్లి మొదలైంది. పోయేది మేము ముగ్గురం, కరీంనగర్ నుంచి అన్నా వదినెలు, వాళ్ల పిలగాడు. మా అన్నకు నేను ఈ పార్క్ గురించి చెప్పిన పది నిమిషాలకే ఆయన ఒక ప్యాకేజీ పీడీఎఫ్ పంపిండు, సిమ్లా, కుల్లు, మనాలి, సోలంగ్, అటల్ టన్నెల్, వచ్చేటప్పుడు చండీగఢ్ రాక్ గార్డెన్, అన్నీ వారం రోజులల్ల. "అంత దూరం పోయి మనాలి చూడకుంట వచ్చినం అంటే నలుగురు నవ్వుతరే చెల్లె" అన్నడు. నేనేమన్ననంటే, అన్నా ఆ పీడీఎఫ్‌ల ఒక్కో రోజు కార్ల ఎంతసేపు కూసుంటమో రాసుకో, కొండ రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్లు పోతే గొప్ప, ఊరు మారినప్పుడల్లా సగం దినం కతం, మిగిలిన సగంల హోటల్ చెక్ ఇన్, టిఫిన్, ఫోటోలు. నాకు కావాల్సింది ఒక్క లోయ. ఒక్క కాడ దిగి, ఆడనే ఉండి, అదే నదిని పొద్దుగాల ఒక తీరు, మాపటిల్లి ఒక తీరు చూసుడు. ఈ మాటకు అన్న కరగలే గని వదినె ఒక్క మాటతోని తేల్చింది, "రోజు పొద్దున్నే బ్యాగులు సదురుడు నాతోని కాదు, ఒక్క దగ్గర సామాను పెడితే నేనొస్త, లేకపోతే మీరు పోయిరాండ్రి" అని. తీర్థన్ లోయ ఖాయమైంది. మనాలి పేరు అన్న ఇంకా రోజుకోసారి తీస్తనే ఉన్నడు.

అక్టోబర్ ఎందుకు అంటే, జులై ఆగస్టుల ఆ రోడ్ల మీద పోవుడు మంచిది కాదు. కొండచరియలు విరిగి పడుతయి, వాగులు ఒక్కసారి పొంగుతయి, 2023 జులైల బియాస్ నది కుల్లు, మండి జిల్లాలల్ల ఇండ్లను, వంతెనలను ఎట్ల ఊడ్చుకపోయిందో టీవీల అందరం చూసినం. సెప్టెంబర్ ఆఖరుకు నైరుతి వానలు ఆ దిక్కునుంచి వెనుకకు మళ్లుతయి, అక్టోబర్‌కల్లా గాలిల తేమ పోయి ఆకాశం కడిగినట్టు ఉంటది, దూరం శిఖరాలు కూడ సాఫ్‌గ కనబడుతయి. ఇంకా ఆగితే చలి, మంచు. పైన ఎండకాలమంతా మేసిన భరల్ గొర్రెలు, తాహ్ర్ మేకలు కూడ మంచు ముంగట కొంచెం కిందికి దిగుడు షురూ చేసేది ఈ రోజులల్లనే. ఎలుగుబంట్లు చలికాలం ముంగట బాగ తినే టైం కూడ ఇదే, ఈ ముక్క మాత్రం అత్తమ్మకు చెప్పలే.

ఒక ముచ్చట ముందే చెప్తున్న, మా బిడ్డకు కూడ ఇదే చెప్పిన. ఇన్‌స్టాల పెడతరు చూడుండ్రి, కొండ కొండంతా ఎర్రగ మండుతున్నట్టు, అది ఇక్కడ కాదు. ఇక్కడ దేవదారు, స్ప్రూస్ చెట్లు ఏడాదంతా పచ్చగనే ఉంటయి. వాటి మధ్యల వాల్‌నట్, మేపుల్, అడవి చెస్ట్‌నట్ అసొంటివి మాత్రమే పసుపు, రాగి రంగుకు మారుతయి, పైన గడ్డి వాలులు ఎండి బంగారు రంగుకు వస్తయి. ఎర్ర రంగు నిజంగ కావాలంటే చూడాల్సింది ఊర్ల పొలాలు. చౌలాయి అని గింజల కోసం పండిస్తరు, మన తోటకూర జాతిదే, కోతకొచ్చినప్పుడు చేనంతా ముదురెరుపు. ఇంకో చమత్కారం ఏందంటే బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు కూడ అదే కుటుంబం. ఇక్కడ గునుగు కోసుకొని పోయి ఆడ దాని చుట్టాన్ని చూస్తమన్నట్టు. మేము పోయేసరికి చౌలాయి కోతలు చాలాకాడ అయిపోతయి, ఇండ్ల కప్పుల మీద మక్క కంకులు ఎండబోసి ఉంటయి, యాపిల్ సీజన్ దాటిపోయి జపానీ ఫల్, అంటే పర్సిమన్ పండు, చెట్లకు పండి ఉంటది. యాపిల్ తోటల్ల ఫోటో దిగాలనుకునేటోళ్లు ఆగస్టు, సెప్టెంబర్‌లనే పోవాలె, అప్పుడు మళ్ల రోడ్ల భయం.

ఇగ పోవుడు. కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దుగాల ఎక్కితే రామగుండం, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదికెళ్లి తెల్లారి పొద్దున న్యూఢిల్లీల దింపుతది. ఫ్లైట్ అయితే హైదరాబాద్ పోవాలె, శంషాబాద్ దాక ఒక పూట, ఆరుగురికి ఖర్చు వేరే, రైల్ల అయితే అన్నాచెల్లెండ్లం కూసొని ముచ్చట్లు పెట్టుకోవచ్చు. ఢిల్లీల పగలంతా ఎక్కడన్న రూం తీసుకొని పడుకునుడే, అక్టోబర్ ఆఖరుల ఆడ గాలి ఎట్లుంటదో తెలుసు కదా, తిరుగుడు పెట్టుకోవద్దు. మాపటికి కశ్మీరీ గేట్ బస్టాండ్ల కుల్లు, మనాలి పోయే రాత్రి బస్సు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది, మనం కుల్లు దాక పోవద్దు. మండి దాటినంక ఔట్ అనే ఊరి కాడ పెద్ద సొరంగం వస్తది, సుమారు మూడు కిలోమీటర్లు, తీర్థన్ లోయకు పోయే బంజార్ రోడ్డు చీలేది ఆ సొరంగం ముంగట్నే. నిద్రమత్తుల ఉండి బస్సు లోపలికి పోయిందంటే అటు తేలుతం. కండక్టర్‌కు ఎక్కంగనే చెప్పిపెట్టాలె, ఫోన్ల అలారం వేరే పెట్టుకోవాలె. ఆడికెళ్లి లార్జీ మీదుగ బంజార్ సుమారు 30 కిలోమీటర్లు, బంజార్ నుంచి మేము ఉండే ఊరు గుషైని ఇంకో 10. ఏటీఎం పని బంజార్‌లనే కానిచ్చుకోవాలె, పైకి పోయినంక నోట్లే నడుస్తయి.

తారీఖుల దగ్గర ఇంకో చిక్కు ఏందంటే కుల్లు దసరా. మనకు దసరా అయిపోయిన దినమే వాళ్లకు మొదలైతది, ఏడు రోజులు. పదిహేడో శతాబ్దంల రాజా జగత్ సింగ్ కాలంల అయోధ్య నుంచి రఘునాథుని విగ్రహం తెచ్చినప్పటిసంది నడుస్తున్నదట, ఢాల్‌పూర్ మైదానంల రథం గుంజుతరు, చుట్టుపక్కల ఊర్ల దేవుండ్లంతా పల్లకీలల్ల వందల సంఖ్యల వస్తరు. మన ఉర్సు గుట్ట రంగలీల మైదానంల లెక్క పెద్ద రావణాసురుని బొమ్మ గాలబెట్టుడు ఆడ ఉండది, ఆఖరు రోజు బియాస్ ఒడ్డుకు పోయి ముండ్ల కంపను లంక కింద లెక్కగట్టి కాలుస్తరు. వినంగనే పోవాలనిపించింది, అబద్ధమెందుకు. గని ఆ వారం కుల్లుల రూములు దొరకవు, ట్రాఫిక్ చెప్పతరం కాదు, మా ఆరుగురికి అయితే కష్టమే. అందుకే మేము ఔట్ కాడనే మళ్లుతం. పండుగ 26న ముగుస్తది, ఆ తెల్లారిసంది దేవుండ్లు మళ్ల ఎవరి ఊర్లకు వాళ్లు పల్లకీలల్ల నడుసుకుంటనే మళ్లుతరు, బంజార్ దిక్కువి ఏమన్న దారిల ఎదురైతే అదే మాకు కుల్లు దసరా.

గుషైని దగ్గర ఒక హోమ్‌స్టే ఆయనతోని ఫోన్ల మాట్లాడిన. నా హిందీ వరంగల్ హిందీ, "హౌ", "నక్కో" లేకుంట నాకు వాక్యం పూర్తి కాదు, ఆయన పాపం ప్రతిదానికి "జీ, జీ" అనుకుంట విన్నడు. ఆయన చెప్పినదాంట్ల నాకు బాగా పనికొచ్చింది ఎండ సంగతి. లోయ లోతుగ ఉంటది కాబట్టి అక్టోబర్ ఆఖరుల ఎండ నది దాక దిగేసరికే పొద్దున తొమ్మిది దాటుతది, మధ్యాహ్నం మూడు గంటలకల్లా మళ్ల కొండ చాటుకు పోతది, ఎండ పోయిన నిమిషం నుంచి చలి మొదలు అన్నడు. నేనేమో ఇక్కడ కూసొని ఆరు గంటలకు సూర్యాస్తమయం అని లెక్కలు వేసుకుంటున్న. అంటే తొందరగ బయలుదేరాలె, లంచ్ కల్లా అటు చివరకు చేరాలె, వెలుతురు ఉండంగనే మళ్లాలె. ఎండల స్వెట్టర్ విప్పుడు, నీడల తొడుక్కొనుడు రోజంతా అదే పని ఉంటదట, అందుకే ఒక్క మందం కోటు కంటే మూడు పల్చటి పొరలు నయం.

నడక మాకు రోల్లా దాకనే. గుషైని నుంచి పార్క్ గేటు దాకనే సుమారు 8 కిలోమీటర్లు, నది పక్కపొంటి ఊర్ల మధ్యలకెళ్లి, గేటు దాటినంక కొంచెం దూరం పోతే రోల్లా, ఎత్తు 2100 మీటర్లు. రాత్రి ఆడ టెంటుల ఉండి తెల్లారి దిగుతం. ఇంకా పైన షిల్ట్ అని గుడిసె ఉంది, 3 వేల మీటర్లు దాటుతది, నిట్టనిలువు ఎక్కుడు, పిల్లలిద్దరు మేం పోతం అంటున్నరు, గైడ్ సరే అంటే పోనీ. నది పుట్టే చోటు దాక పోవాలంటే ఇంకా రోజులు పడుతది, అది మా వయసుకు, మా సెలవులకు అయ్యేది కాదు. పర్మిట్ సాయి రోపాల ఉన్న పార్క్ ఆఫీసుల తీసుకోవాలె, బంజార్ గుషైని మధ్యలనే ఉంటది, గుర్తింపు కార్డుల జిరాక్సులు కావాలె. మేము దిగేది శనివారం, తెల్లారి ఆదివారం, కాబట్టి ఆ పని ముందే మాట్లాడి పెట్టుకుంటున్న.

గైడ్ ఎందుకు దండుగ, దారి ఒక్కటే కదా అని అన్న అన్నడు. నాకు ఈ విషయంల గట్టి అభిప్రాయం ఉంది. ఆ పార్క్ అయ్యే ముందు ఆ ఊర్లోళ్లు గొర్లు మేపుకున్నది, మందు మూలికలు ఏరుకున్నది, గుచ్ఛీ పుట్టగొడుగులు తెచ్చి అమ్ముకున్నది ఆ అడవిలనే. 1999ల ఆ హక్కులు పోయినయి, కొంతమందికి పరిహారం వచ్చింది, చుట్టూ ఉన్న ఊర్లను ఎకోజోన్ అన్నరు, బతుకుదెరువు కింద గైడ్లు, కూలీలు, వంటోళ్లు అయ్యిండ్రు. మన కవ్వాల్‌ల ఊర్లు లేపిన ముచ్చట తెలిసినోళ్లకు ఇది ఇడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ల అడవిలకు పోతూ వాళ్లకు నాలుగు రూపాయలు ఇయ్యకుంట మనమే పోతం అనుడు నాకు నచ్చది. పైగా జుజురానా అసొంటి పిట్టను మనకు చూపెట్టాలన్నా వాళ్లే. హిమాచల్ రాష్ట్ర పక్షి అది, ఎర్ర మెడ, ఒంటి మీద తెల్ల చుక్కలు, దేవుడు అన్ని పిట్టల దగ్గర ఒక్కో రంగు తీసుకొని దీన్ని చేసిండని అక్కడి జనం చెప్పుకుంటరు. దసరా నాడు మన రాష్ట్ర పక్షి పాలపిట్టను చూసి, వారంలోపల వాళ్లదాన్ని కూడ చూస్తే ఎంత బాగుంటదో, గని అది పొదలల్ల దాక్కునే రకం, ఆశ పెట్టుకుంటలేను.

నడవలేని రోజుకు కూడ ఒక ప్లాన్ ఉండాలె కదా. జలోడి పాస్ అనే కొండ కనుమ దాక బండి పోతది, 3100 మీటర్ల పైచిలుకు, రోడ్డు మాత్రం మస్తు నిటారు, కొండలల్ల నడిపిన లోకల్ డ్రైవర్ ఉంటేనే ఎక్కాలె. ఆడికెళ్లి సెరోల్సర్ చెరువుకు ఓక్ చెట్ల అడవిల సుమారు 5 కిలోమీటర్లు, పెద్దగ ఎక్కుడు లేదు, చెరువు గట్టున బూఢీ నాగిన్ గుడి, నాగదేవతలకు తల్లి అంటరు, నెయ్యి సమర్పిస్తరు. వదినె నాగుల చవితి పక్కా చేసే మనిషి, ఇది విని ఇంకా హుషారైంది.

బంజార్ దగ్గర్నే చెహ్‌నీ కోఠీ అని రాయి, కట్టె పొరలు పొరలుగ పేర్చిన ఎత్తైన బురుజు ఇల్లుంది, దాని దగ్గర బాగీ అనే ఊర్ల శృంగి ఋషి గుడి. ఎవరనుకున్నరు, దశరథునికి పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడు! ఈ మాట నేను అన్నం తినుకుంట ఊకనే అన్న. అత్తమ్మ ముద్ద ఆపి "ఆయన గుడి ఆడుందా" అన్నది. అంతే. అప్పటిదాక "ఆ అడవిల ఏముందని పోతున్నరు, ఎలుగ్గొడ్లు ఉంటయట" అన్న మనిషి, ఇప్పుడు రోజు అడుగుతున్నది, ఆ గుడికి మెట్లెన్ని, బండి ఎందాక పోతది అని. మోకాళ్ల నొప్పులు, బీపీ గోలి. నేను కాదనలే, ఔననలే.

తయారీ అయితే షురూ చేసినం. వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజు నడుసుడు, అది సాపు నేల, దమ్ము పెరుగుతది గని కొండకు పనికిరాదు. ఆదివారాలు పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగుతున్నం, వీపు బ్యాగుల బియ్యం సంచి వేసుకొని. దిగేటప్పుడే తెలిసింది షూ సంగతి. కొత్త షూ ఎక్కేటప్పుడు బాగనే ఉంటది, దిగుడుల కాలు ముందుకు జారి బొటనవేలు పోయి కొనకు కొడుతది, గోరు నల్లబడుతది. షాపుల ఉన్న పిలగాడు లేసు పై రెండు రంధ్రాల కాడ గట్టిగ లాగి, చీలమండ దగ్గర ఒక మడత తిప్పి కట్టి చూపెట్టిండు, మడమ కదలకుంట కూసుంది, వేలు కొట్టుడు ఆగింది. సైజు ఒకటి పెద్దది తీసుకొని మందం సాక్సులు తొడుక్కోవాలె. చలి బట్టల తిప్పలు వేరే, మన దగ్గర స్వెట్టర్ల దుకాణాలు పెట్టేదే చలి మొదలైనంక, మేము వచ్చేసినంక. ఆన్‌లైన్‌ల చూస్తున్న, లేదంటే ఢిల్లీల దిగిన రోజు కొనుడే. తిండి గురించి ఫికర్ లేదు, సద్దుల బతుకమ్మకు చేసే మలీద ముద్దలే కొన్ని ఎక్కువ కడితే సరి, రొట్టె, బెల్లం, నెయ్యి, నడకల దాన్ని మించిన ఎనర్జీ బార్ ఉంటదా? ఆడ సిడ్డు అని అక్రోటు ముద్ద లోపల పెట్టి ఆవిరి మీద ఉడికిచ్చేది నెయ్యి పోసి పెడుతరట, మా ఆయన ఇప్పటికే దాని వీడియోలు చూస్తున్నడు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ పెట్టిన, రోడ్డు బంద్ అయితే రైలు పోవద్దు కదా, ఆ ఖాళీ రోజును మనాలికి వాడుకుందాం అని అన్న అప్పుడే కన్నేసిండు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నరు, 22 అక్టోబర్ రైలుకు ఆగస్టు 23 పొద్దున 8 గంటలకు. ఆదివారమే, అందరం ఇంట్లనే ఉంటం. తిరిగి వచ్చేదానికి సెప్టెంబర్ 1. పండుగ రష్ కాబట్టి 8 దాటి ఐదు నిమిషాలైతే వెయిటింగ్ లిస్ట్ అనుకోవాలె. ఒక్క టికెట్ మీద ఆరుగురికంటే ఎక్కువ రారు, మేము సరిగ్గ ఆరుగురం, లెక్క కుదిరింది అనుకున్న. అత్తమ్మ వస్తే ఏడోది ఇంకో ఫోన్ల వేరేగ కొట్టాలె, కింది బెర్త్ రావాలె, అదే కోచ్‌ల రావాలె. డాక్టర్‌కు ఒకసారి చూపించి, ఆయన సరే అంటే, జలోడి పాస్ మాత్రం వద్దు, గుడి దాకనే అని ఒప్పుకుంటేనే తీస్కపోత అని మా ఆయనతోని చెప్పిపిచ్చిన. జవాబు ఇంకా రాలే, గని నిన్న అల్మారలకెళ్లి పాత ఉన్ని శాలువ తీసి ఎండకేసింది.